చుక్కల గీతకు కుడివైపు

మందుల షాపువాళ్ల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు చాలంటే కత్తెర తీసి నాలుగు కత్తిరించి ఇస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ గడువు తేదీ అచ్చువేసిన కొస ఎప్పుడూ వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది. అడిగితే "ఫ్రెష్ స్టాకే అంకుల్" అంటారు, బెండకాయలు అమ్ముతున్నట్టు. నా వయసులో ఏ మాత్ర దేనికో గుర్తుండటమే గొప్ప. అది ఎప్పటిదాకా పనిచేస్తుందో కూడా నేనే గుర్తుపెట్టుకోవాలంటే కొంచెం ఎక్కువ. కత్తెరను ఆ చివర కాకుండా ఈ చివర నుంచి పెట్టమని మా బడంగ్‌పేట్ షాపతనికి చెప్పి చూశాను. నన్నొకసారి ఎగాదిగా చూశాడు. అప్పటినుంచి మందులు మా ఆవిడే తెస్తోంది.

ఆ సంగతి అలా ఉంచి ఉద్యోగం సంగతికి వస్తాను.

రెండు వేల ఆరు జూన్ నెలాఖరులో నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పరిపాలనాధికారిగా చేరాను. పొట్టిగా ఏఓ అంటారు. అంతకుముందు ఏలూరు వైపు ఒక పంచదార ఫ్యాక్టరీలో ఆఫీసు వ్యవహారాలు చూసేవాణ్ణి. ఫ్యాక్టరీ మూతపడ్డాక బడంగ్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఇటు వచ్చేశాం. ఇంజనీరింగ్ కాలేజీలో ఏఓ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. పైన చైర్మన్, ఆయన కింద సెక్రటరీ, చదువు వ్యవహారాలకు ప్రిన్సిపాల్. పాఠం చెప్పడం తప్ప మిగతాదంతా ఏఓ. జనరేటరు, నీళ్ల ట్యాంకరు, క్యాంటీన్‌లో ఉప్మా నాణ్యత, బస్సులు, జిరాక్సు మిషను, హాస్టల్ మేడ మీదికెక్కే కోతులు, అన్నీ నా శాఖలే. మంత్రివర్గంలో ఎవరికీ అన్ని శాఖలు లేవు.

ఆ రోజులు ఎలాంటివో ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. శంషాబాద్ వైపు విమానాశ్రయం కడుతున్నారు, రింగు రోడ్డుకు రాళ్లు పాతుతున్నారు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ గుట్ట ఎక్కి చూసినా ఒకవైపు కాలేజీ, ఇంకోవైపు వెంచరు కనిపించేవి. రెండింటి ముందూ ఒకే రకం కమాను ఉండేది. దగ్గరికెళ్లి చదివితేగాని లోపల అమ్మేది చదువో ప్లాటో తెలిసేది కాదు. మా డ్రైవర్లు స్టీరింగు మీద ఒక చెయ్యి, ఫోను మీద ఒక చెయ్యి పెట్టుకుని ప్లాట్ల బేరాలు చేసేవారు. ఒక్క బేరం కుదిరితే చాలు, మర్నాడు డ్యూటీకి వచ్చేవారు కారు. కొందరు ఏడాది తిరక్కుండా కార్లో వచ్చి, పాత జీతం బకాయి అడిగి, టీ తాగి వెళ్లేవారు.

మా చైర్మన్ గారిది ఆ చుట్టుపక్కలే తరతరాలుగా వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆయనకు ఆఫీసు గది ఉండేది కానీ అందులో కూర్చునేవారు కాదు. పొద్దున్నే జీపులో వచ్చి, గేటు దగ్గర దిగి, జీపు బానెట్టే బల్లగా పనులన్నీ అక్కడే చక్కబెట్టేవారు. ఫైళ్లూ, చెక్కులూ, తగాదాలూ, పెళ్లిపిలుపులూ, అన్నీ బానెట్ మీదే. అది గుట్ట మీద గేటు కావడంతో గాలి బలంగా వీచేది. కాగితం మీద తాళంచెవుల గుత్తి పెట్టి, దాని పక్కన చదివి, సంతకం చేసేవారు. అందుకని ఆయనది ఒకటే నియమం: ఏ విషయమైనా ఒక్క కాగితంలో ఉండాలి. నేను చేరిన రోజే చెప్పారు.

"ఏఓ సాబ్, రెండో కాగితం నాకు జూపియ్యకున్రి. గాలికి పోతది. పోయినంక నేను జిమ్మేదార్ కాదు."

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే గ్రహించాను. ఆయనకు దగ్గరి అక్షరాలు ఆనవు. కళ్లజోడు పెట్టుకోరు. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదివేవారు. ఇంకా చిన్న అక్షరమైతే చెయ్యి చాలేది కాదు.

బస్సుల విషయానికి వస్తాను. కాలేజీకి ఇరవై పైచిలుకు బస్సులు ఉండేవి. ఏటా జూన్‌లో ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఎక్కడెక్కడ ఆగాలో ఒక పట్టిక తయారుచేసి చైర్మన్ సంతకం తీసుకునేవారు. దాన్ని రూట్ షీట్ అనేవారు. సంతకమైన రూట్ షీట్ నోటీసు బోర్డు మీదికి ఎక్కితే ఆ ఏడాదికి అదే శాసనం. ఈ షీటు తయారుచేసేది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి భిక్షపతి. ఆయన ఒక బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. కంట్రోలరు అంటే డిపో గేటు దగ్గర కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయటికి పోయిందో రాసుకునే ఉద్యోగి. ఆ అలవాటు కొద్దీ భిక్షపతి ఏ రూటు రాసినా కాలేజీతో మొదలుపెట్టి బయటికి రాసుకుంటూ పోయేవాడు. ఎడమ కొసన కాలేజీ, కుడి కొసన చివరి ఊరు. మన బస్సు పొద్దున బయల్దేరేది ఆ చివరి ఊరి నుంచి కదా, అటునుంచి ఇటు రాయొచ్చు కదా అని నేను ఒకసారి అడిగాను.

"సార్, బస్సు ఎప్పుడైనా డిపోలకెల్లి బయటికే పోతది. రాసుడు గూడ గట్లనే రాయాలె," అన్నాడు. ఆ మాట అన్న తీరు చూస్తే ఇది ఇంజను కనిపెట్టిననాటి నుంచి ఉన్న నియమం కాబోలనిపించింది.

నేను చేరేనాటికే ఆ ఏడాది రూట్ షీట్ మీద సంతకం అయిపోయింది. నోటీసు బోర్డుకు అంటించడం మాత్రమే నా వంతు. అంటించాను. మర్నాడు తుమ్మలకుంట నుంచి జంగయ్య అనే రైతు వచ్చాడు.

తుమ్మలకుంట మహేశ్వరం దారిలో, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఊరు. జంగయ్య కూతురు మంజుల మా దగ్గర రెండో ఏడాది పూర్తిచేసి మూడో ఏడాదిలోకి వచ్చింది. ఆయన నా గది గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"సారూ, బస్సు మా ఊరికి బందైందంట. నిజమేనా?"

షీటు చూసి నిజమేనని చెప్పాను. బస్సు క్రాస్‌రోడ్డు దాకానే వస్తుందని ఉంది.

"బస్సైతే ఊర్లన్ని తిరిగి వస్తుండె. నడిస్తే క్రాస్‌రోడ్డు కాడికెల్లి మా ఊరు అడ్డదారిల నాలుగు కిలోమీటర్లు సారూ. ల్యాబులు ఉన్ననాడు పిల్ల దిగేసరికి పొద్దుగూకుతది. నడుమ ఇల్లు లేదు, లైటు లేదు. కంపచెట్లు, వెంచరోళ్ల రాళ్లు, కుక్కలు."

ఎవరైనా ఎదురు వెళ్లి తీసుకురావచ్చు కదా అన్నాను. పట్నంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు ఇచ్చే సలహాలు ఇలాగే ఉంటాయి.

"నేను పోతే బర్లకు పాలెవరు పిండుతరు? గప్పుడే పాలబండి వస్తది," అన్నాడు. మళ్లీ తనే, "పోయినేడు బస్సు ఊర్లకు వస్తుండె గనుకనే సదివిస్తున్న. మా అన్నదమ్ములంత వద్దన్నరు. బస్సు రాకుంటే పిల్ల రాదు. గంతే. సోమవారం కాలేజీ తెరుస్తరు గద, సోమవారం దాక చూస్త," అన్నాడు.

బతిమాలలేదు, బెదిరించలేదు. వానపడితే దున్నుతా, పడకుంటే లేదు అన్నట్టు చెప్పి వెళ్లిపోయాడు.

బస్సును ఎందుకు తగ్గించారో తెలుసుకుందామని బయల్దేరాను. ముందు సెక్రటరీ గది. సెక్రటరీ చైర్మన్ గారి తమ్ముడి కొడుకు, కొత్తగా ఎంబీఏ చేసి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ రూటులో చివరి ఐదు ఊళ్లకూ కలిపి ఏడెనిమిది మందే ఎక్కుతారనీ, డీజిల్ దండగనీ, దీన్ని హేతుబద్ధీకరణ అంటారనీ చెప్పాడు. ప్రిన్సిపాల్‌ను అడిగితే వానాకాలంలో ఆ రోడ్డు బాగుండదన్నారు. భిక్షపతిని అడిగితే ఊరి చివర బస్సు మళ్లడానికి జాగా తక్కువ అన్నాడు. మూడూ మంచి కారణాలే. అయితే ఒక కారణం చెప్పినవారు ఇంకో కారణం గురించి వినలేదు. ఈ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, ఎవరు తీసుకున్నారు అంటే మాత్రం ముగ్గురూ గేటు వైపు చెయ్యి చూపించారు.

నాకు ఫ్యాక్టరీ రోజుల నుంచి ఒక అలవాటు. కాగితం మీద ఏదైనా వింతగా ఉంటే కాగితాన్ని కాదు, అది పుట్టిన చోటును చూస్తాను. ఆఫీసు కంప్యూటర్లో ఆ ఎక్సెల్ ఫైలు తెరిచాను.

ఊళ్లన్నీ ఉన్నాయి. క్రాస్‌రోడ్డు తర్వాత వరసగా ఐదు గళ్లు, ఐదో గడిలో తుమ్మలకుంట, దాని పక్కన ఎక్కేవాళ్ల సంఖ్య. ఎవరూ ఏమీ తీసెయ్యలేదు. క్రాస్‌రోడ్డుకూ దాని తర్వాతి ఊరికీ మధ్య మాత్రం నిలువునా సన్నటి చుక్కల గీత ఒకటి ఉంది.

ఎక్సెల్ వాడనివారి కోసం ఆ గీత ఏమిటో చెబుతాను. తెర మీద షీటు ఎంత వెడల్పయినా ఉండొచ్చు, దానికి అంచు లేదు. కాగితానికి ఉంది. అచ్చు వేయమని అడిగినప్పుడు కంప్యూటరు ఇక్కడితో మొదటి కాగితం అయిపోతుంది అని ఒక చుక్కల గీత గీసుకుంటుంది. దానికి కుడివైపు ఉన్నదంతా రెండో కాగితంలోకి పోతుంది. అడగదు, చెప్పదు. అంతకుముందు ఏడాది వరకు మా ఆఫీసులో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉండేది. పక్కల చిల్లులున్న వెడల్పాటి కాగితం మీద కిర్రుకిర్రుమంటూ ఎంత పొడుగు వరసనైనా కొట్టేది. ఆ ఏడాదే దాన్ని తీసేసి, చప్పుడు చెయ్యని లేజర్ ప్రింటరు కొన్నారు. దానికి ఏ-ఫోర్ కాగితమే తెలుసు. ఊళ్లు మారలేదు, రోడ్డు మారలేదు. కాగితం సన్నబడింది.

పట్నం రూట్లకు ఏ ఇబ్బందీ రాలేదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సు మూడు చోట్ల ఆగితే నిండిపోతుంది. పెద్ద అంబర్‌పేట్ బస్సు నాలుగు చోట్ల. ఊళ్ల బస్సు మాత్రం ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క చోట ఆగాలి. ఎక్కేవాళ్లు తక్కువ, ఆగే చోట్లు ఎక్కువ. అందుకని పట్టిక మొత్తంలో అదొక్కటే పొడుగు వరస. రెండో కాగితం మీద ఐదు ఊళ్ల పేర్లు మాత్రం ఒక్క వరసలో, తలా తోకా లేకుండా, ఖాళీ గళ్ల నడుమ వచ్చి ఉంటాయి. కంప్యూటర్ ఆపరేటరును అడిగితే, ఆ కాగితం ప్రింటరు తప్పు అనుకుని వెనక వైపు చిత్తు రాతకు వాడుకున్నానని చెప్పింది. మొదటి కాగితం గేటుకు వెళ్లింది. చైర్మన్ గారు క్రాస్‌రోడ్డు దాకా చదివి సంతకం చేశారు.

అంటే ఈ నిర్ణయం ఎవరూ తీసుకోలేదు. కాగితం అంచు తీసుకుంది. మనుషులు తర్వాత కారణాలు సమకూర్చారు.

ఇది తెలిశాక పని సులువైపోయిందని మీరు అనుకుంటే మా చైర్మన్ గారిని మీరు ఎరగరు. సంతకమైన కాగితం మీద ఆయన మాట్లాడరు. కొత్త కాగితం తెస్తే చూస్తారు. ఆ కొత్త కాగితం ఒక్కటే ఉండాలి, చెయ్యి చాచినంత దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. సోమవారానికి ఇంకా నాలుగు రోజులు.

ముందు సులువైన దారి పట్టాను. అంతా ఒకే పేజీలో పట్టించు అని కంప్యూటరుకు చెప్పే ఏర్పాటు ఒకటి ఉంది. దానికి చెబితే అది మహా వినయంగా షీటు మొత్తాన్ని కుదించేస్తుంది. నలభై శాతానికి కుదించింది. మర్నాడు పొద్దున ఆ కాగితం బానెట్ మీద పెట్టాను. చైర్మన్ గారు చెయ్యి చాచారు. ఇంకా చాచారు. చివరికి నా చేతికిచ్చి నన్ను రెండడుగులు వెనక్కి జరగమన్నారు.

"ఇది నా కోసం రాసిన్రా, చీమల కోసం రాసిన్రా?" అని అడిగారు. కాగితం నా దగ్గరే ఉండిపోయింది.

కాగితాన్ని అడ్డంగా తిప్పాను. ఏ-ఫోర్ మానేసి లీగల్ సైజు, అంటే కోర్టు కాగితాలకు వాడే పొడుగు కాగితం, తెప్పించాను. అంచుల్లో వదిలే ఖాళీలను ప్రింటరు ఒప్పుకున్నంత మేరకు తగ్గించాను. గళ్ల వెడల్పు పేరుకు తగ్గట్టు సర్దాను. నాలుగు అక్షరాల ఊరికి పన్నెండు అక్షరాల గది ఎందుకు? డ్రైవరు లైసెన్సు నంబరూ, బస్సు ఫిట్‌నెస్ తేదీ ఉన్న నిలువు వరసలను అచ్చులో కనబడకుండా దాచేశాను. యాభై అయిదు శాతానికి వచ్చింది. చీమలు గండుచీమలయ్యాయి. అంతే.

ఊళ్ల పేర్లను నిలువుగా నిలబెట్టి చూశాను. వెడల్పు బాగా కలిసొచ్చింది. భిక్షపతి ఆ కాగితాన్ని చూసి మెడ పక్కకు వంచాడు, తర్వాత నడుమూ వంచాడు.

"సార్, దీన్ని చదివెటందుకు చైర్మన్ సాబ్ బానెట్ మీద పండుకోవాలె," అన్నాడు.

అప్పుడు తోచింది: అందరూ పొట్టిగా ఉన్నచోట ఒక్కడు పొడుగ్గా ఉంటే గుమ్మం పెంచడం కంటే వాణ్ణి వంగమనడం నయం. ఆ ఒక్క పొడుగు వరసను సగానికి విరిచి రెండు వరసలు చెయ్యాలి. క్రాస్‌రోడ్డు దాకా పై వరస, తర్వాతి ఊళ్లు కింది వరస. అలా చేస్తే షీటు వెడల్పు ఒక్కసారిగా తగ్గిపోతుంది, అక్షరం మామూలు సైజుకు వస్తుంది. చేశాను. వచ్చింది. ఎనభై అయిదు శాతం. చెయ్యి చాచి చదవచ్చు. అయితే ఇప్పుడు వెడల్పు బదులు ఎత్తు చాల్లేదు. అక్షరాలు పెరిగాయి కదా, అడుగున నాలుగు రూట్లు రెండో కాగితంలోకి జారాయి. ఒక్క తుమ్మలకుంటను కాపాడబోయి పెద్ద అంబర్‌పేట్‌ను కిందికి తోసేశాను.

ఆ జాగా ఎక్కడినుంచి తేవాలి? షీటును పైనుంచి కిందికి చూశాను. అడ్డంగా తిప్పిన కాగితంలో పైన మూడోవంతు మా కాలేజీ శిరోభాగమే. నడుమ కాలేజీ పేరు మూడు వరసల్లో, కింద గుర్తింపుల వివరాలు, దాని కింద ఒక సూక్తి, ఎడమ పక్కన సరస్వతీదేవి, కుడి పక్కన చైర్మన్ గారి నాన్నగారు. తలపాగా, బుర్ర మీసాలు, ఫొటో చుట్టూ కంప్యూటర్లో వేసిన పూలదండ. కాలేజీ ఆయన పేరు మీదే కట్టారు. క్యాంటీన్ టోకెను నుంచి హాల్ టిక్కెట్టు దాకా ఆయన లేని కాగితం లేదు.

"ఫొటో జోలికి పోకున్రి సార్," అన్నాడు భిక్షపతి గొంతు తగ్గించి. "మీకన్న ముందు ఏఓ సాబ్ జర చిన్నగ చేసిండు. ఇప్పుడు లేడు."

పాపం, ఎలా పోయారని అడిగాను.

"పోవుడేంది సార్, మంచిగనే ఉన్నడు. ఈడ లేడు."

నేను చేరి అప్పటికి పక్షం రోజులు కూడా కాలేదు. ఇంటి అప్పు కొత్తది, నా వయసు పాతది. కాస్త ఆలోచించాను. ఎంత ఆలోచించినా లెక్క ఒకటే వస్తోంది: ఈ కాగితంలో పెద్దాయనకూ తుమ్మలకుంటకూ కలిపి చోటు లేదు. ఇద్దరిలో సోమవారం బస్సు ఎక్కవలసిన అవసరం ఎవరికి ఉందో తేల్చడం కష్టం కాలేదు.

అయితే నేను వీరుణ్ణేమీ కాదు. శిరోభాగం మొత్తాన్ని తీసి, కాగితం వెనక వైపు అచ్చు వేయించాను. వెనక ఇంకేమీ లేదు గనుక పెద్దాయనను బాగా పెద్దగానే వేశాం. ముందు వైపు పైన ఒక్క వరసలో "బస్సు రూట్లు" అని, దాని కింద నేరుగా రూట్లు. ఇరవై పైచిలుకు వరసలూ, వాటిలో విరిచిన ఒక వరసా, చివర సంతకానికి వేలెడు జాగా. అన్నీ ఒకే ముఖం మీద పట్టాయి. అచ్చు వేసే ముందు కాగితం ఎలా వస్తుందో తెర మీద చూపించే ఏర్పాటులో చూశాను. ఎక్కడా చుక్కల గీత లేదు. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు సాలుసరి నివేదికలు తయారుచేశాను కానీ అంత చక్కటి కాగితం నా చేతి మీదుగా రాలేదు. కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే, ఆ మాత్రానికి ఇంత ఆలస్యమా అంది.

శనివారం పొద్దున గేటు దగ్గర నేనూ, సెక్రటరీ, నాలుగు గజాల ఎడంగా భిక్షపతీ. చైర్మన్ గారు జీపు దిగి కాగితం తీసుకుని బానెట్ మీద పరిచి తాళంచెవులు పెట్టారు. మొదట పైభాగమే చూశారు.

"బాపు ఏడి?"

భిక్షపతి ఇంకో గజం జరిగాడు. జాగా చాలక వెనక వైపు వేశామని మనవి చేసుకున్నాను. ఆయన తాళంచెవులు తీసి కాగితం తిరగేశారు. వాళ్ల నాన్నగారిని కాసేపు చూశారు. గాలికి కాగితం రెపరెపలాడుతుంటే రెండు అరచేతులతో అదిమి పట్టుకుని చూశారు. మళ్లీ ఇటు తిప్పారు. చెయ్యి చాచి చదవడం మొదలుపెట్టారు.

వేలు రూట్ల మీదుగా కిందికి దిగుతూ వచ్చి ఊళ్ల బస్సు దగ్గర ఆగింది. క్రాస్‌రోడ్డు దాకా పోయి, కింది వరసలోకి దిగి, ఒక్కో ఊరి మీదుగా నడిచింది. ఆయనకు ఆ ఊళ్లన్నీ తెలుసు.

"తుమ్మలకుంట... గిది మొన్న కాగితంల లేకుండె గద?"

ఉందండీ, రెండో కాగితంలో ఉంది, అని చెప్పాను. ఆ కాగితం ఆయన దాకా రాలేదని కూడా చెప్పాను. ఎందుకు రాలేదో, ప్రింటరు మార్చిన సంగతీ, అంచు సంగతీ రెండు ముక్కల్లో వివరించాను.

సెక్రటరీ కుర్రవాడు ముందుకొచ్చాడు. "కానీ పెద్దబాపు, గా ఐదు ఊర్లకు కలిపి ఏడెనిమిది మందే. డీజిల్ లెక్క చూసిన, లాసే వస్తుంది."

"ఎప్పుడు లెక్కగట్టినవ్?"

"మొన్న..."

"నేను సంతకం వెట్టకముందా, వెట్టినంకనా?"

కుర్రవాడు నిజాయితీపరుడు. "వెట్టినంక," అన్నాడు.

"మరి సంతకం వెట్టినప్పుడు ఎవ్వనికి ఎర్కలేదు, నాకు గూడ ఎర్కలేదు. ఎవ్వనికి ఎర్క లేకుంట బస్సు బందైంది. గిది మనం నడిపే కాలేజీనా, ప్రింటరు నడిపే కాలేజీనా?"

జవాబు రాకముందే సంతకం పెట్టేశారు. లెక్క కట్టాలంటే వచ్చే ఏడు సంతకానికి ముందు కట్టుకురమ్మన్నారు. తర్వాత నా వైపు తిరిగి కాగితం వెనక్కి తిప్పి చూపించారు.

"ఇంక అన్ని కాగితాలు ఇట్లనే తియ్యిన్రి ఏఓ సాబ్. బాపును ఎనకనే ఉండనియ్యిన్రి. బతికున్నప్పుడు గూడ ఆయన ముంగట నిలవడేటోడు కాదు."

భిక్షపతి మళ్లీ దగ్గరికి జరిగాడు. దారిలో క్యాంటీన్ దగ్గర నాకు టీ ఇప్పించాడు. ఆ కాలేజీలో ఇంకొకరు నాకు టీ ఇప్పించడం అదే మొదలు.

సోమవారం బస్సు తుమ్మలకుంట పోయింది. మళ్లడానికి జాగా సరిపోయింది. మంజుల ఆ ఏడూ, పై ఏడూ ఆ బస్సులోనే వచ్చి ఇంజనీరింగ్ పూర్తిచేసింది. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ రూట్ షీట్ నా చేతులతోనే తయారుచేశాను. పక్క కాలేజీల ఏఓలు తమ షీట్లు పట్టుకొచ్చి "మీరొకసారి పేజీలో పట్టించి ఇవ్వండి" అని అడిగేవారు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కాలేజీల్లో ఈ పనికి నా పేరు చెప్పుకునేవారని విన్నాను. విన్నమాటే అయినా నేను ఖండించలేదు.

ఆ ఉదంతంలో నేను నేర్చుకున్నది చెబుతాను. పేజీలో పట్టించడం అంటే కుదించడం కాదు, ఎవరు లేకపోయినా నడుస్తుందో తేల్చడం. కంప్యూటరు అన్నిటినీ సమానంగా కుదిస్తుంది. మనం వదిలేస్తే కుడి చివరన ఉన్నవాళ్లను కోసేస్తుంది. ఈ రెండు పనులకూ అది మన అనుమతి అడగదు కాబట్టి, అచ్చుకు ఇచ్చేముందు చుక్కల గీత ఎక్కడ పడిందో, దానికి కుడివైపు ఎవరున్నారో మనమే చూసుకోవాలి. ఎవరూ తీసుకోని నిర్ణయానికి కారణాలు అందరి దగ్గరా దొరుకుతాయి. కాబట్టి ముందు కారణాలు వినకూడదు, నిర్ణయం ఎవరిదో అడగాలి. నా తర్వాత వచ్చిన ఏఓకు బాధ్యతలు అప్పగించినప్పుడు ఈ రెండు ముక్కలూ చెప్పాను. ఆయన ఫోనులో రాసుకున్నాడు.

బస్సు మొదలైన వారంలోనే జంగయ్య ఒకసారి కాలేజీకి వచ్చాడు. పాలబండి పొద్దున్నే పోయిందట, తీరిక చేసుకుని వచ్చాడు. నాకు సంతోషం వేసి ఆయన్ను స్వయంగా నోటీసు బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. కొత్త షీటు చూపించి, ఊరి పేరు మీద వేలు పెట్టి చూపించాను. ముందు కాగితం ఎలా తెగిపోయిందో, మిగతా ఊళ్లు పక్క కాగితంలోకి ఎలా పోయాయో చెప్పాను. అక్కడితో ఆగొచ్చు, ఆగలేదు. నలభై శాతం, యాభై అయిదు శాతం, లీగల్ సైజు, నిలువు అక్షరాలు, వరసను విరవడం, పెద్దాయనను వెనక్కి పంపడం, అన్నీ వరసగా చెప్పాను. చదువుకున్నవాళ్లకు కూడా నేను అంత వివరంగా చెప్పలేదు. అలా చేస్తేగాని మొత్తం ఒక్క కాగితం మీదికి రాలేదని ముగించాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆఖరుదాకా విన్నాడు. షీటును పైనుంచి కిందికి ఒకసారి, ఎడమనుంచి కుడికి ఒకసారి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"రెండు కాగితాలు పక్కపక్కకు వెట్టి అంటిస్తే ఒక్కటే అయితుండె గద సారూ. మీ ఆఫీసుల గమ్ము సీస లేకుండెనా?"